విదేశాల్లో పవర్ లైన్ టెక్నీషియన్ ఉద్యోగం: జీతం, నిద్ర, ఇల్లు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్తంభాలెక్కే పని మీద విదేశాలకు వెళ్లాలనుకునేవారు మొదట అడిగేది జీతం గురించి. రెండేళ్లు గడిచాక అదే మనుషులు ఫోను చేసి అడిగేది సెలవుల గురించి, నిద్ర గురించి, ఇంట్లో పెరుగుతున్న మౌనం గురించి. ఈ పేజీ ముఖ్యంగా ఆ రెండో రకం ప్రశ్నల కోసం. పన్నెండేళ్లు ఇదే పని చేసినవాడిగా రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే వినిపిస్తుంది.

ఈ ఉద్యోగంలో పనికీ జీవితానికీ సమతూకం అసలు సాధ్యమేనా?

సాధ్యమే. అయితే రోజు లెక్కన వెతికితే దొరకదు. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి పిల్లల పక్కన కూర్చునే ఉద్యోగం కాదిది. ఈదురుగాలి వీచిన రాత్రి, మంచు గడ్డకట్టిన తెల్లవారుజామున, అందరూ పండగ చేసుకుంటున్న పూట ఫీడరు ట్రిప్ అయితే (ఒక ప్రాంతానికి కరెంటిచ్చే లైను ఆగిపోతే) మీరు బయట ఉంటారు. దీన్ని ఏడాది లెక్కన చూడాలి. పన్నెండు నెలల్లో ఎన్ని రాత్రులు మీవి, ఎన్ని వారాలు ఇంట్లో గడిపారు, ఎన్నిసార్లు ఇచ్చిన మాట ప్రకారం రాగలిగారు?

ఆ లెక్కను తేల్చేవి మూడు: రోస్టరు (ఎవరు ఎప్పుడు పనిలో ఉండాలో చెప్పే పట్టిక), ఆన్‌కాల్ వంతు (పిలిస్తే వెంటనే వెళ్లడానికి సిద్ధంగా ఉండే వంతు), సెలవుల నిబంధన. మూడూ సంతకానికి ముందే కాగితం మీద ఉంటాయి. సంతకం పెట్టేశాక వాటి గురించి మేనేజరును అడగడమంటే లైను ఛార్జి అయి కరెంటు ఎక్కిన తర్వాత ఎర్త్ రాడ్ కోసం వెతకడమే.

లైన్‌మన్, లైన్‌వర్కర్, పవర్‌లైన్ టెక్నీషియన్... ఇవన్నీ ఒకటేనా?

పని ఒకటే, పేర్లు వేరు. అమెరికాలో లైన్‌మన్ అంటారు, శిక్షణ పూర్తయినవారిని జర్నీమన్ లైన్‌మన్ అంటారు. కెనడాలో పవర్‌లైన్ టెక్నీషియన్, ఆస్ట్రేలియాలో లైన్‌వర్కర్, న్యూజిలాండ్‌లో లైన్ మెకానిక్. ఉద్యోగాలు వెతికేటప్పుడు ఈ పేర్లన్నీ పెట్టి వెతకాలి, లేకపోతే సగం ప్రకటనలు కంటపడవు.

పేరు కన్నా ముఖ్యంగా తెలుసుకోవలసింది, ఆ ఉద్యోగం ఏ విభాగంలోది అన్నది. మీ జీవితం ఎలా ఉంటుందో చెప్పేది అదే. డిస్ట్రిబ్యూషన్ మెయింటెనెన్స్‌లో, అంటే ఊళ్లకు కరెంటు పంచే లైన్ల నిర్వహణలో అయితే ఒకే ఊరిలో డిపో ఉంటుంది, రాత్రికి సొంత పక్క మీద పడుకుంటారు, కానీ ఆన్‌కాల్ తప్పదు. ట్రాన్స్‌మిషన్ నిర్మాణంలో, అంటే దూరాలకు కరెంటు మోసే పెద్ద లైన్లు వేసే పనిలో అయితే టవరు తర్వాత టవరు, లైను ఎటు పోతే మీరూ అటే. నెలల తరబడి క్యాంపుల్లో, అద్దె గదుల్లో ఉంటారు. అయితే అర్ధరాత్రి ఫోను మోగడం అరుదు. భూగర్భ కేబుళ్లను అతికే జాయింటర్‌కు గాలివానల బెడద తక్కువ, సన్నటి పనిలో ఓపిక ఎక్కువ కావాలి. కాంట్రాక్టు సంస్థ తరఫున తుఫాను పనులు చేస్తూ తిరిగేవారిది పూర్తిగా వేరే లోకం. దాని సంగతి కింద ఉంది.

పెళ్లి కాని ఇరవై అయిదేళ్ల కుర్రవాడికి ట్రాన్స్‌మిషన్ నిర్మాణం బాగుంటుంది. చిన్నపిల్లలున్నవారికి డిస్ట్రిబ్యూషన్ మెయింటెనెన్స్ నయం, జీతం కొంచెం తగ్గినా సరే. ఇది నా అభిప్రాయం. ట్రాన్స్‌మిషన్ వాళ్లు ఒప్పుకోరు.

ఏ దేశం మంచిది?

దేశం కన్నా కంపెనీ రోస్టరే ఎక్కువ తేడా చూపిస్తుంది. అయినా చట్టం గీసిన కనీస గీత ఎక్కడుందో తెలిసి ఉండాలి.

యూరోపియన్ యూనియన్‌లో 2003 నాటి ఆదేశం ప్రకారం పని వారానికి సగటున 48 గంటలు మించకూడదు. ప్రతి 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి, ఏడాదికి కనీసం నాలుగు వారాల వేతన సెలవు ఉండాలి. బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనల్లోనూ ఇదే 48, ఇదే 11. సెలవు మాత్రం 5.6 వారాలు, అంటే వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి 28 రోజులు. కాకపోతే బ్రిటన్‌లో ఆ 48 గంటల పరిమితి తనకు వద్దని ఉద్యోగి రాసి ఇవ్వవచ్చు. చేరిన రోజు చేతిలో పెట్టే కాగితాల కట్టలో ఆ ఫారం కూడా ఉండవచ్చు. చదవకుండా సంతకం చేయకండి. చేసి ఉన్నా, నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకునే హక్కు ఉంది.

ఆస్ట్రేలియాలో వారానికి 38 గంటలు, ఆపైన ‘సమంజసమైన’ అదనపు గంటలు. ఏడాదికి నాలుగు వారాల సెలవు, కొన్ని రకాల షిఫ్టు ఉద్యోగులకు ఐదు. కెనడాలో చాలా ప్రావిన్సుల్లో తొలి ఏళ్లలో దక్కేది రెండు వారాలే, సస్కాచెవాన్‌లో మూడు. అమెరికాలో వేతన సెలవు ఇచ్చి తీరాలన్న ఫెడరల్ చట్టమే లేదు. అక్కడ మీ సెలవులు కంపెనీ దయ మీదో యూనియన్ ఒప్పందం మీదో ఆధారపడతాయి. గల్ఫ్‌లో యూఏఈ, సౌదీ అరేబియా రెండింటిలోనూ వారానికి 48 గంటలు. సెలవు యూఏఈలో ఏడాది సర్వీసు తర్వాత 30 రోజులు, సౌదీలో 21 రోజులు, ఐదేళ్లు దాటితే 30.

జీతం పట్టికలో అమెరికా పైన ఉన్నట్టు కనిపిస్తుంది. సెలవుల పట్టికలో అది అడుగున ఉంటుంది. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని చూడనివారికే దూరపు కొండలు నునుపుగా కనిపిస్తాయి.

నాకున్న అనుభవం అక్కడ చెల్లుతుందా?

కొంత చెల్లుతుంది. కాగితం మీద, స్తంభం మీద విడివిడిగా చూద్దాం.

కాగితం సంగతి. కెనడాలో ఈ వృత్తి రెడ్ సీల్ జాబితాలో ఉంది, ఆ ముద్ర ఉంటే ప్రావిన్సు మారినా అర్హత చెల్లుతుంది. వృత్తుల వర్గీకరణలో దీని సంఖ్య 72203. ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ మార్గంలో వలస వెళ్లాలంటే గత ఐదేళ్లలో రెండేళ్ల పూర్తికాలపు అనుభవం కావాలి, దానితోపాటు కెనడా నుంచి ఉద్యోగ హామీ గానీ, ఏదైనా ప్రావిన్సు ఇచ్చే అర్హత పత్రం గానీ ఉండాలి. ఆస్ట్రేలియాకు ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా నైపుణ్యాన్ని అంచనా వేస్తుంది. న్యూజిలాండ్‌లో ఎలక్ట్రికల్ వర్కర్స్ రిజిస్ట్రేషన్ బోర్డు దగ్గర నమోదు కావాలి. అమెరికాలో దారి అప్రెంటిస్‌షిప్, సుమారు నాలుగేళ్లు. పదేళ్ల అనుభవం ఉన్నవారు కూడా మళ్లీ అప్రెంటిస్‌గా మొదలుపెట్టవలసి రావచ్చు. ఆ ఏళ్లలో జీతం జర్నీమన్ జీతంలో ఒక వంతుతో మొదలై మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఇంటి బడ్జెట్ వేసేటప్పుడు ఈ మెట్లు గుర్తుంచుకోవాలి.

స్తంభం సంగతి ఇంకా ఆసక్తికరం. 11 కేవీ (11 వేల వోల్టుల) మూడు ఫేజుల లైన్ల మీద, 50 హెర్ట్జ్ వ్యవస్థలో పనిచేసినవారు ఉత్తర అమెరికా వెళితే మొదటి వారం దిక్కు తోచదు. అక్కడ 60 హెర్ట్జ్. డిస్ట్రిబ్యూషన్ లైన్లలో చాలా భాగం 12.47 కేవీ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 7.2 కేవీ. దారి పొడవునా ఎర్త్ చేసిన న్యూట్రల్ తీగ లైనుతోపాటే నడుస్తుంది. నాలుగైదు ఇళ్లకొక చిన్న సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి వేలాడుతుంది. గల్ఫ్‌లోనూ అంతా ఒకటి కాదు. సౌదీ 60 హెర్ట్జ్, చుట్టుపక్కల దేశాలు 50. అందుకే ఆ గ్రిడ్‌లను కలపడానికి సౌదీలోని అల్ ఫధిలీలో డీసీ కన్వర్టర్ స్టేషన్ కట్టవలసి వచ్చింది.

ఇక లైను ఛార్జిలో ఉండగానే రబ్బరు గ్లౌజులతోనో హాట్ స్టిక్‌తోనో (కరెంటు పారని పొడవాటి కర్రతో) చేసే పని. ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, లైను చంపి, ఎర్త్ చేసి పనిచేయడం అలవాటైన చేతికి ఇది కొత్త. ‘వచ్చు’ అని ఇంటర్వ్యూలో బొంకకండి. రాదని చెబితే నేర్పిస్తారు. వచ్చని చెప్పినవాడిని మొదటి గంటలోనే పట్టేస్తారు, ఎందుకంటే వాళ్ల ప్రాణం కూడా ఆ బకెట్‌లోనే (మనుషుల్ని తీగల దాకా ఎత్తే తొట్టిలోనే) ఉంటుంది.

భాష ఎంత రావాలి?

పరీక్షలో వచ్చే మార్కుల కన్నా రేడియోలో విన్న ఆదేశాన్ని తిరిగి తప్పులేకుండా చెప్పగలగడం ముఖ్యం. కంట్రోల్ రూము చెప్పిన స్విచింగ్ సూచనను మాటకు మాట తిరిగి అప్పజెప్పాలి, వాళ్లు సరేనన్నాకే చేయి కదలాలి. అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. తల ఊపకండి. మర్యాదకు తల ఊపే అలవాటు ఈ పనిలో ప్రాణాంతకం.

ఆన్‌కాల్ అంటే ఏమిటి? దాని గురించి ఎందుకంత భయపెడతారు?

ఆన్‌కాల్ వారంలో మీరు ఇంట్లో ఉన్నట్టే కనిపిస్తారు, నిజానికి ఉండరు. ఫోను దిండు కింద ఉంటుంది. డిపోకు అరగంట దూరం దాటి వెళ్లలేరు. ఒక్క గుక్క మద్యం కూడా ముట్టకూడదు. సినిమాకు వెళితే చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంటారు. ఫోను మోగకపోయినా ఆ వారం మీది కాదు. ఇంట్లోవాళ్లకు ఇది అర్థమయ్యేలా చెప్పడం కష్టం. ‘ఫోను రాలేదుగా, మరెందుకు చిరాకు?’ అని అడుగుతారు. చిరాకు ఫోను వల్ల కాదు, అది ఎప్పుడైనా మోగవచ్చన్న ఎదురుచూపు వల్ల.

ఇది విశ్రాంతా, పనా అన్న తగువు కోర్టుల దాకా వెళ్లింది. బెల్జియంలో ఒక అగ్నిమాపక ఉద్యోగి పిలిచిన 8 నిమిషాల్లో స్టేషనుకు చేరాలన్న షరతుతో ఇంట్లో వేచి ఉండేవాడు. ఆ సమయం పని సమయమేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018లో తేల్చింది. 2021లో స్లొవేనియాకు చెందిన ఒక ప్రసార కేంద్రం టెక్నీషియన్ కేసులో ఇంకొంచెం వివరంగా చెప్పింది: షరతులు మనిషి స్వేచ్ఛను ఎంతగా బిగిస్తున్నాయన్నదే కొలమానం, బిగింపు తక్కువైతే అది పని సమయం కిందికి రాదు. అందుకే ‘ఎన్ని నిమిషాల్లో రావాలి’ అన్నది చిన్న ప్రశ్న కాదు. పదిహేను నిమిషాలకూ గంటకూ మధ్య మీ జీవితమంతా పడుతుంది.

ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి పనివేళల తర్వాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కు చట్టంలోకి వచ్చింది. సంతోషించవలసిన విషయమే. కానీ అందుబాటులో ఉన్నందుకు భత్యం తీసుకుంటున్నారా లేదా అన్నది కూడా ఆ చట్టం చూస్తుంది. ఆన్‌కాల్ భత్యం జేబులో వేసుకుని ఫోను కట్టేస్తే మీ వాదన నిలవదు.

వంతు లెక్క కూడా వేసుకోండి. నలుగురు పంచుకుంటే ఏడాదికి 13 వారాలు మీ మీద పడతాయి. ఇద్దరే ఉంటే 26. చిన్న డిపోలో నలుగురని చెప్పి చేర్చుకుంటారు, ఒకరు మానేస్తారు, ఇంకొకరికి గాయమవుతుంది, ఆ ఖాళీలు నెలల తరబడి నిండవు. నాకు ఒక చోట సరిగ్గా ఇలాగే జరిగింది. ఆ ఏడాది మా ఇంట్లో క్యాలెండరు చూడటమే మానేశారు.

తుఫాను పనుల్లో బాగా డబ్బు వస్తుందంటారు. నిజమేనా?

నిజమే. ఉత్తర అమెరికాలో ఒక సంస్థ పరిధిలో విపత్తు వస్తే చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి, పక్క దేశం నుంచి కూడా బృందాలు ట్రక్కులేసుకుని వెళతాయి. 1998 జనవరిలో కెనడా తూర్పు ప్రాంతంలో మంచు వాన కురిసి తీగల మీద గడ్డకట్టినప్పుడు వెయ్యికి పైగా పెద్ద టవర్లు, వేలాది కర్ర స్తంభాలు నేలకూలాయి. కొన్ని చోట్ల కరెంటు తిరిగి రావడానికి నెల పట్టింది. సరిహద్దు దాటి అమెరికా లైన్‌మన్లు కూడా వచ్చారు. వృత్తి మీద గౌరవం కలిగేది ఇలాంటప్పుడే.

చాలాచోట్ల ఆనవాయితీ 16 గంటలు పని, 8 గంటలు విశ్రాంతి. ఈ ఎనిమిదిని జాగ్రత్తగా విప్పి చూడండి. బసకు ప్రయాణం, భోజనం కోసం వరుస, స్నానం, ఇంటికి ఫోను, తెల్లవారి మళ్లీ ప్రయాణం. నిద్రకు మిగిలేది ఐదు గంటలు, అదీ పక్క మంచం మీది సహోద్యోగి గురక పెట్టకపోతే. ఇలా రెండు వారాలు గడిస్తే చేతికొచ్చే చెక్కు పెద్దదే. ఆ తర్వాత వారం మనిషి ఇంట్లో కుర్చీకి అతుక్కుపోతాడు. ఆ వారాన్ని కూడా తుఫాను ఖర్చులోనే రాయాలి.

ఏడాదికి ఎన్ని తుఫాన్లకు వెళతారో ముందే ఇంట్లో మాట్లాడుకుని ఒక సంఖ్య అనుకోండి. ఫోను వచ్చిన క్షణంలో నిర్ణయం తీసుకుంటే ప్రతిసారీ ‘వస్తాను’ అనే అంటారు.

ఓవర్‌టైమ్ చేయాలా, వద్దా?

చేయండి, కానీ దాని మీద బతకకండి. అమెరికాలో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్నది 1938 నాటి చట్టం. యూనియన్ ఒప్పందాల్లో చాలాసార్లు రెట్టింపు కూడా దొరుకుతుంది. యూఏఈలో ఓవర్‌టైమ్‌కు మూల వేతనం మీద 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం. సౌదీలో 50 శాతం. గల్ఫ్‌లో ‘మూల వేతనం’ అన్న మాట గమనించండి. మొత్తం జీతం పెద్దగా చూపించి, మూల వేతనం చిన్నగా రాసి, మిగిలింది భత్యాల కింద చూపితే ఓవర్‌టైమూ తగ్గుతుంది, యూఏఈలో సర్వీసు చివర వచ్చే గ్రాట్యుటీ కూడా తగ్గుతుంది.

నాకు తెలిసి ఈ వృత్తిలో ఇళ్లు కుంగదీసేది ప్రమాదాల కన్నా ఎక్కువగా ఓవర్‌టైమ్ మీద కట్టిన అప్పులే. మంచి ఏడాది వచ్చిన ఆదాయం చూసి ఇంటి వాయిదా ఖాయం చేసుకుంటారు. తర్వాతి ఏడాది గాలి లేదు, మంచు లేదు. అప్పుడు మనిషి విపత్తుల కోసం ఎదురుచూడటం మొదలుపెడతాడు. వాతావరణ హెచ్చరిక వినగానే మనసులో ఉత్సాహం పుడితే, బ్యాంకు వాయిదా ఒకసారి చూసుకోండి. నియమం చిన్నది: అద్దె, వాయిదాలు, ఇంటికి పంపే డబ్బు అన్నీ ఓవర్‌టైమ్ లేని జీతంలో ఇమడాలి.

నాలుగు వారాలు పని, రెండు వారాలు ఇల్లు అనే రోస్టరు ఎలా ఉంటుంది?

చాలామందికి ఇదే నచ్చుతుంది, నాకూ నచ్చింది. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 17 వారాలు ఇంట్లో ఉంటారు. ఏ కార్యాలయ ఉద్యోగికీ అన్ని సెలవులుండవు. అయితే ప్రయాణపు రోజులు ఎవరి ఖాతాలో పడతాయో అడగండి. రానూపోనూ రెండు రోజులు మీ సెలవులోంచే పోతే ఏడాదికి 17 రోజులు విమానాశ్రయాల పాలవుతాయి. టికెట్ ఎవరు కొంటారు, మీ స్థానంలో రావలసినవాడు రాకపోతే మీరు ఎన్ని రోజులు ఆగాలి అన్నవి కూడా కాగితం మీద ఉండాలి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. ఇంటికి వచ్చిన మొదటి మూడు రోజులు మీరు చుట్టం. ఇల్లు మీరు లేకుండా నడవడం నేర్చుకుంది, దాని పద్ధతులు దానికున్నాయి. వచ్చీరాగానే పిల్లలకు క్రమశిక్షణ నేర్పడానికి, సామాన్లు సర్దడానికి పూనుకుంటే గొడవ ఖాయం. మూడు రోజులు ఊరికే ఉండండి. ఇంట్లో ఏదో ఒక పని, ఎంత చిన్నదైనా సరే, మీరు ఉన్నప్పుడు మీదే అని ఖాయం చేసుకోండి. అలాగే వెళ్లే ముందు రెండు రోజులు మనసు అప్పుడే సైటు మీద ఉంటుంది. అంటే 14 రోజుల్లో అసలు దక్కేవి తొమ్మిది. ఆ తొమ్మిదింటిని పెళ్లిళ్లకు, పేరంటాలకు, బ్యాంకు పనులకు పంచిపెట్టేయకండి.

కుటుంబాన్ని వెంట తీసుకెళ్లాలా?

డిపో ఉద్యోగమైతే తీసుకెళ్లండి. క్యాంపు ఉద్యోగమైతే తీసుకెళ్లి ఏదో కొత్త ఊరిలో ఒంటరిగా వదిలేయడం కన్నా అయినవాళ్ల మధ్య ఉంచడమే మేలు. జీవిత భాగస్వామికి అక్కడ ఉద్యోగం చేసే అనుమతి ఉందో లేదో వీసా దశలోనే తేల్చుకోండి. అది లేకపోతే ఆన్‌కాల్ వారాలు రెండింతలు బరువవుతాయి, ఎందుకంటే ఇంట్లో ఉన్న మనిషికి మీరు తప్ప వేరే లోకం ఉండదు.

నిద్ర లేకపోయినా నేను తట్టుకోగలను. సమస్యేనా?

తట్టుకోగలనని అందరూ అనుకుంటారు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో వరుసగా 17 గంటలు మేలుకున్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోయింది. చాలా దేశాల్లో ఆ స్థాయిలో బండి నడిపితే లైసెన్సు పోతుంది. తాగి స్తంభం ఎక్కినవాడిని కిందికి దింపుతాం. పద్దెనిమిదో గంటలో ఎక్కుతున్నవాడిని మాత్రం గట్టివాడని మెచ్చుకుంటాం.

అలసట చేసే పొరపాట్లు పెద్దగా కనిపించవు. పక్క స్తంభం ఎక్కడం, జంపరు (రెండు తీగలను కలిపే ముక్క) తప్పు ఫేజుకు కలపడం, లైనులో కరెంటు లేదని టెస్టరుతో చూడకుండానే ఎర్త్ బిగించబోవడం. ఇంకో ప్రమాదం పని అయ్యాక ఉంది: ఇంటికి బండి నడపడం. రాత్రంతా పనిచేశాక ట్రక్కులోనే అరగంట కునుకు తీయండి, లేదా ఎవరినైనా దింపమనండి.

ఒప్పందంలో చూడవలసిన మాట ‘పది గంటల విరామం’. ఆస్ట్రేలియాలో పలు పారిశ్రామిక అవార్డుల్లో (ఒక్కో రంగానికి కనీస వేతనం, పని షరతులు నిర్ణయించే చట్టబద్ధ పత్రాల్లో) ఇలాంటి నిబంధన ఉంటుంది: రెండు పనివేళల మధ్య పది గంటల విరామం ఇవ్వకుండా తిరిగి పనికి పిలిస్తే, ఆ విరామం దొరికేదాకా రెట్టింపు వేతనం చెల్లించాలి. యజమానికి ఖర్చయితేనే మీ నిద్రకు విలువ పెరుగుతుంది.

గల్ఫ్ ఎండలో పని ఎలా?

వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పని నిషేధం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12:30 నుంచి 3 వరకు, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి 3:30 వరకు. ఒక మెలిక ఉంది: యూఏఈ నిబంధనల్లో కరెంటు సరఫరా పునరుద్ధరణ లాంటి అత్యవసర పనులకు మినహాయింపు ఇచ్చారు. అంటే అందరూ నీడలో ఉన్నప్పుడు బయట ఉండేది మీరే కావచ్చు. అప్పుడు నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స ఏర్పాటు చేయడం యజమాని బాధ్యత, అడిగి తీసుకోండి.

నిషేధం వల్ల పనివేళ రెండు ముక్కలవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మధ్యాహ్నం వేడి గదిలో పొర్లి, సాయంత్రం మళ్లీ వెళ్లాలి. నిద్ర రెండు ముక్కలుగా అలవాటు చేసుకోక తప్పదు.

చలి దేశాల్లో?

మంచులో బకెట్ ఎక్కడం కన్నా చీకటి ఎక్కువ బాధపెడుతుంది. ఉత్తరాన శీతకాలంలో చీకట్లో వెళ్లి చీకట్లో తిరిగి వస్తారు. సెలవుల్లో కొంత భాగం ఫిబ్రవరికి దాచుకోండి.

ప్రమాదాల గురించి ఇంట్లో ఎంతవరకు చెప్పాలి?

అబద్ధం వద్దు, వర్ణన కూడా వద్దు. చాలామంది ఏమీ చెప్పరు, అప్పుడు ఇంట్లోవాళ్లు ఊహించుకుంటారు, ఊహకు ఇన్సులేషన్ ఉండదు. నేను చేసినది ఏమిటంటే, నా రక్షణ సామగ్రి ఒకసారి ఇంట్లో విప్పి చూపించాను. గ్లౌజు అంటే ఇది, అమెరికా నిబంధనల ప్రకారం దీన్ని ఆరు నెలలకొకసారి కరెంటు పెట్టి పరీక్షిస్తారు, వేసుకునే ముందు గాలి నింపి చిల్లులున్నాయేమో ఇలా చూస్తాను అని చెప్పాను. మా అమ్మాయి వారం రోజులు ఆ గ్లౌజులో గాలి నింపే ఆట ఆడింది. భయం పూర్తిగా పోలేదు గానీ దానికో ఆకారం వచ్చింది.

పని సురక్షితం కాదనిపిస్తే వద్దనవచ్చా? ఉద్యోగం పోదా?

కెనడాలో ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు చట్టంలోనే ఉంది, అందుకు శిక్షించకూడదు. యూనియన్ బలంగా ఉన్న చోట్ల ఇంకా సులువు. అమెరికా, కెనడాల్లో లైన్‌మన్లు ఎక్కువగా ఉండే విద్యుత్ కార్మికుల యూనియన్ ఐబీఈడబ్ల్యూ 1891లో పుట్టిందే ఇందుకు. దాని తొలి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ కూడా లైన్‌మనే, 1896లో పనిలో ఉండగానే షాక్ తగిలి కింద పడి చనిపోయాడు. వీసా ఒకే యజమానికి కట్టిపడేసిన చోట మాత్రం నోరు విప్పడం కష్టం. అక్కడ ‘చేయను’ అనే బదులు ‘ఎర్త్ ఎక్కడ కట్టారో చూపించండి, పర్మిట్ నంబరు చెప్పండి’ అని అడగండి. అదే పని చేస్తుంది, ఎదురు తిరిగినట్టూ ఉండదు.

ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచాలట.

రెండూ వద్దు. నియామక ఏజెన్సీలు కార్మికుల నుంచి రుసుము వసూలు చేయకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలోని సూత్రం. పాస్‌పోర్టు మీది, యజమాని అట్టిపెట్టుకోవడం గల్ఫ్‌లోనూ చట్టవిరుద్ధమే. అప్పు చేసి ఏజెంటుకు కట్టినవాడు తీరేదాకా ఏ ఓవర్‌టైమూ కాదనలేడు, సమతూకం అక్కడే ముగిసిపోతుంది.

ఎంత వయసు దాకా స్తంభాలెక్కగలను?

భుజాలు, మోకాళ్లు ఒప్పుకున్నంత కాలం. చాలామందికి నలభై దాటాక భుజం ముందు మొరాయిస్తుంది. ముప్పై అయిదుకే తర్వాతి మెట్టు చూసుకోండి: కంట్రోల్ రూము ఆపరేటరు, లైన్ల తనిఖీ, శిక్షకుడు, భద్రతా అధికారి, కేబుల్ జాయింటింగ్. వీటిలో కంట్రోల్ రూము షిఫ్టులు ఉన్నా ఎప్పుడు ఇంట్లో ఉంటారో నెల ముందే తెలుస్తుంది. జీతం తగ్గుతుందన్న భయంతో బకెట్‌ను పట్టుకుని వేలాడేవారు చివరికి శస్త్రచికిత్స తర్వాత అదే మెట్టు దిగుతారు, ఈసారి బేరమాడే వీలు లేకుండా.

ఇంటర్వ్యూలో సెలవుల గురించి అడిగితే బద్ధకస్తుడనుకోరా?

అడిగే తీరును బట్టి ఉంటుంది. ‘సెలవులెన్ని?’ అనకండి. ‘ఆన్‌కాల్ ఎంతమంది పంచుకుంటున్నారు? గత ఏడాది ఒక్కొక్కరికి ఎన్ని కాల్స్ వచ్చాయి? రాత్రి కాల్‌కు వెళితే పొద్దున షిఫ్టు సంగతేమిటి?’ అని అడగండి. పని తెలిసినవాడు అడిగే ప్రశ్నలివి. జవాబు చెప్పడానికి వాళ్లు తడబడితే అదే జవాబు. వీలైతే డిపోలో పనిచేసే ఒకరితో విడిగా పది నిమిషాలు మాట్లాడండి. ‘నీ ముందు ఈ ఉద్యోగంలో ఉన్నవాడు ఎందుకు మానేశాడు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

మానేసి తిరిగి వచ్చేయాలనుకుంటే ఏం చూసుకోవాలి?

చేసిన పనుల లాగ్‌బుక్ నకలు, ఏ వోల్టేజీ మీద ఎన్ని గంటలు పనిచేశారో రాసిన అనుభవ పత్రం, శిక్షణ ధ్రువపత్రాలు చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి. దేశం దాటాక వీటికోసం రాసే ఉత్తరాలకు జవాబులు రావు. వాడుకోని సెలవులకు డబ్బు ఎలా లెక్కకడతారో రాయించుకోండి. గల్ఫ్‌లో అయితే గ్రాట్యుటీ జమయ్యేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయకండి, ఆ ఖాతాకు కట్టిన ఫోను నంబరునూ వదులుకోకండి.